అడిగితే ఇస్తామని రాయండి

ప్రపోజల్ గడువు రేపు సాయంత్రం అయిదు గంటలు. పోర్టల్‌లో దాదాపు అన్నీ ఎక్కించేశారు. బడ్జెట్ కూడిక సరిపోయింది. ఎండార్స్‌మెంట్ లెటర్ మీద రిజిస్ట్రార్ గారి సంతకం దొరికింది, రబ్బరు ముద్ర కాస్త వంకరగానైనా పడింది. అంతలో అడుగున ఇంకో గడి కనబడింది: డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్, రెండు పేజీలకు మించరాదు. అది నింపందే సబ్మిట్ బటన్ పనిచేయదు.

కంగారు పడొద్దు సామీ. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ప్రాజెక్టుల్లో తల నెరిసినవాళ్ల అనుభవమంతా పిండి ఈ సలహాలు ఇస్తున్నాను. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే డబ్బులు మంజూరవుతాయి, పేపర్లు అచ్చవుతాయి, ప్రమోషన్ వస్తుంది. డేటా మాత్రం ఎవరికీ దొరకదు. అయిదేళ్లు పోతే మీకూ దొరకదు.

అసలీ పీడ ఎట్లా వచ్చిందో ముందు తెలుసుకోండి. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011 జనవరి నుంచి రెండు పేజీల ప్లాన్ లేని అర్జీని తీసుకోవడం మానేసింది. అక్కడి ఆరోగ్య పరిశోధనకు డబ్బులిచ్చే ఎన్‌ఐహెచ్ కూడా 2023 జనవరి 25 నుంచి ఇట్లాంటి ప్లాన్ అడిగే కొత్త నియమం పెట్టింది. ఇక్కడ మన కేంద్ర ప్రభుత్వం 2012లోనే జాతీయ స్థాయిలో డేటా పంచుకునే విధానం ఒకటి ప్రకటించింది. బయోటెక్నాలజీ శాఖ 2021లో ప్రైడ్ అనే పేరుతో మార్గదర్శకాలు తెచ్చింది. మరుసటి ఏడు నవంబరులో ఫరీదాబాద్‌లో నాలుగు పెటాబైట్ల జాగాతో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ తెరిచారు. దాని నకలు భువనేశ్వర్‌లో పెట్టుకున్నారట. ఎంత అపనమ్మకం చూడండి, తమ సొంత కంప్యూటర్ల మీదే.

అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే. ఏం సేకరిస్తారు, దాన్ని ఎక్కడ భద్రపరుస్తారు, తర్వాతివాళ్లకు అర్థమయ్యేట్టు వివరాలు ఎట్లా రాస్తారు, ఎవరికి ఎప్పుడు ఇస్తారు, ఈ పనికి బాధ్యులు ఎవరు, ఖర్చెంత. ప్రజల డబ్బుతో పుట్టిన అంకెలు ప్రజలకు చేరాలని వాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంటుంది.

పాత ప్లాన్ సంపాదించడం

కొత్తగా రాయాలని కూర్చోవడమే మొదటి తప్పు. రాయడానికి కూర్చుంటే ఆలోచించాల్సి వస్తుంది. మీ ప్రాజెక్టులో ఎన్ని రకాల ఫైళ్లు పుడతాయి, ఒక్కో సీజన్‌కు ఎన్ని జీబీ అవుతాయి లాంటి ప్రశ్నలు బయలుదేరతాయి. అందుకని పక్క డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా ప్రాజెక్టు వచ్చిందేమో కనుక్కుని, కాఫీ ఇప్పించి, వాళ్ల ప్లాన్ తెచ్చుకోండి. ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి ‘రొయ్య’ అన్నచోటల్లా ‘వేరుశెనగ’ అని మార్చండి.

ఇందులో చిన్న చిక్కుంది. రీప్లేస్ కొట్టాక ఒకసారి చదవకపోతే, ‘వేరుశెనగల మొప్పల నుంచి రక్తనమూనాలు తీసి మైనస్ ఎనభై డిగ్రీల వద్ద నిల్వచేస్తాము’ లాంటి వాక్యాలు మిగిలిపోతాయి. అయినా దిగులు అక్కర్లేదు. కమిటీలో అందరూ వ్యవసాయం వాళ్లే ఉండరు. ఉన్నా ఆఖరి అటాచ్‌మెంట్ దాకా వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళవుతుంది.

మాటల విషయంలో పొదుపు వద్దు. పటిష్ఠమైన, సురక్షితమైన, అంతర్జాతీయ ప్రమాణాలకు దీటైన అనే మూడూ మొదటి పేరాలోనే పడాలి. ‘ఫెయిర్ సూత్రాలకు అనుగుణంగా’ అని తప్పకుండా చేర్చండి. 2016లో వచ్చిన ఆ సూత్రాల సారం ఇది: డేటా వెతికితే కనబడాలి, అందాలి, ఇంకోదానితో కలపడానికి వీలుండాలి, మళ్లీ వాడుకునేట్టు ఉండాలి. మీ ఫైలు వీటిలో ఏ ఒక్కటీ చేయదు కాబట్టి, ఆ పేరైనా కాగితం మీద ఉండటం న్యాయం.

భద్రపరచడం

ప్లాన్‌లో ‘సంస్థ సర్వర్‌లో’ అని రాయండి. నిజానికి స్కాలర్ అమ్మాయి లాప్‌టాప్‌లో పెట్టండి. ఆ లాప్‌టాప్ కూడా ఆమె సొంతదైతే మరీ మంచిది, ప్రాజెక్టు ముగిశాక స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించే బాధ ఉండదు. ఆమె పీహెచ్‌డీ అయిపోయి, పెళ్లయి, బెంగుళూరులోనో డల్లాస్‌లోనో స్థిరపడేసరికి మీ ప్రాజెక్టు డేటా కూడా ఆమెతోపాటు కాపురానికి వెళ్తుంది. ఫోన్ చేసి అడిగితే, ‘సార్, ఆ లాప్‌టాప్ మా తమ్ముడికి ఇచ్చేసినా, వాడు గేమ్స్ కోసరం ఫార్మాట్ కొట్టేసినాడు’ అంటుంది. అక్కడితో కథ కంచికి.

ఇది మన ఊరి వింతేమీ కాదు. 2014లో కొందరు పరిశోధకులు మొక్కల మీద, జంతువుల మీద వచ్చిన 516 పేపర్లు తీసుకుని, వాటి వెనకున్న కొలతలు ఇమ్మని రచయితలను అడిగారు. పేపరుకు వయసు పెరిగేకొద్దీ డేటా మిగిలి ఉండే అవకాశం ఏడాదికి 17 శాతం చొప్పున పడిపోతోందని తేలింది. అంటే మీరు ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

కొందరు ఛాందసులు ఒక నియమం చెబుతారు. మూడు నకళ్లు ఉండాలట, రెండు వేర్వేరు సాధనాల మీద ఉండాలట, ఒకటి వేరే చోట ఉండాలట. వాళ్ల మనసెందుకు కష్టపెట్టడం? మూడు నకళ్లు తీయండి. మూడూ ఒకే హార్డ్‌డిస్కులో, ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ న్యూ సార్ కరెక్షన్ అనే మూడు పేర్లతో పెట్టండి. ఆ హార్డ్‌డిస్కును గ్రౌండ్ ఫ్లోర్‌లో గోద్రెజ్ బీరువా అడుగు అరలో ఉంచండి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఎట్లా మునిగాయో గుర్తుంది కదా. మళ్లీ అట్లాంటి వాన ఒకటి కురిస్తే, ప్రకృతి వైపరీత్యం అని ఫండింగ్ ఏజెన్సీకి ఒక్క లైను రాస్తే సరిపోతుంది.

బ్యాకప్ తీసినా తీశాక తెరిచి చూడకండి. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటర్‌లో బ్యాకప్ తీసే ప్రోగ్రామే పొరబాటున 77 టెరాబైట్ల ఫైళ్లు తుడిచిపెట్టింది. జపాన్ వాళ్లకే అట్లా జరిగింది కాబట్టి మనకు జరిగినా చిన్నతనం కాదు.

పట్టిక రాసే విద్య

ఇక్కడ కాస్త నిలబడి నేర్చుకోవాలి. ఎందుకంటే ఫైలు పోవడం కంటే, ఫైలు ఉండీ అర్థం కాకుండా పోవడం పై స్థాయి పనితనం. ఫైలు పోతే అనుమానం వస్తుంది. ఉండి అర్థం కాకపోతే మీరు పెద్ద పండితులని పేరొస్తుంది.

వేరుశెనగ తీసుకుందాం, మన మెట్టపొలాల పంట. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి రకాలను మీరు పది పల్లెల్లో వేయించి దిగుబడి రాశారనుకోండి. కాలమ్ పైన ‘దిగుబడి’ అని మాత్రం రాయండి. హెక్టారుకా, ఎకరాకా? కిలోల్లోనా, మూటల్లోనా? కాయా, గింజా? పచ్చికాయా, ఎండబెట్టిన కాయా? ఇవేవీ చెప్పొద్దు. మూటకెన్ని కిలోలన్నది ఒక్కో ఊళ్లో ఒక్కో లెక్క, పైగా కొనేవాడికి ఒకటి, అమ్మేవాడికి ఇంకొకటి. రేపెవరైనా మీ అంకెలను కదిరి వైపు వేరుశెనగ అంకెలతో కలిపి చూడాలనుకుంటే, తల గోడకు కొట్టుకుని ఊరుకుంటారు.

వాన కాలమ్‌లో ఇంకో చక్కని అవకాశం ఉంది. వాన పడని రోజున కొన్నిసార్లు సున్నా రాయండి, కొన్నిసార్లు గడి ఖాళీగా వదిలేయండి. కొలిచే మనిషి జాతరకు పోయి రాని రోజున కూడా అదే పని చేయండి. ఎండిన రోజేదో, ఎవరూ చూడని రోజేదో ఇక బ్రహ్మదేవుడికే తెలియాలి. రాయలసీమ కరువు లెక్కల్లో సున్నాకూ ఖాళీకీ ఉన్న తేడా ఒక సీజన్ పంటంత. దాన్ని ఒక్క డిలీట్ మీటతో చెరిపేయొచ్చు. ఇంకా తృప్తి లేకపోతే తేదీతో ఆడుకోండి. వాతావరణ శాఖ వాళ్లు ఉదయం ఎనిమిదిన్నరకు వానమాని చూసి, గడిచిన 24 గంటల వానను ఆ తేదీ కింద రాస్తారు. సోమవారం సాయంత్రం కురిసింది మంగళవారం లెక్కలో పడుతుందన్నమాట. మీరు మాత్రం కురిసిన రోజునే రాసి, ఆ ముక్క ఎక్కడా చెప్పకుండా, రెండు లెక్కలనూ ఒకే పట్టికలో కలిపేయండి.

గంటల విషయం గాదంకి చూసి నేర్చుకోవాలి. పాకాల దగ్గర కొండల నడుమ, 1,024 యాంటెన్నాలు వరసలు తీరి నిలబడిన రాడార్ అది. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వనిలోంచి పై గాలుల వేగం లెక్కగడుతుంది. 1992లో రాడార్ కేంద్రంగా మొదలై 2005 నుంచి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. అట్లాంటి పరికరం నుంచి వచ్చే ఫైలులో ఏ ఎత్తు, ఏ దిక్కు, ఏ క్షణం అన్నది రాసి లేకపోతే మిగిలేది వట్టి అంకెల కుప్పే. మన సీమలో ఉరుములూ మెరుపులూ ఎక్కువగా సాయంత్రం పూట. మీరు సమయం రాసేటప్పుడు అది భారత కాలమానమో, గ్రీనిచ్ వైపు లెక్కో చెప్పకుండా వదిలేస్తే, సాయంత్రం అయిదున్నర ఉరుము చదివేవాడికి మిట్టమధ్యాహ్నం పన్నెండుకు ఉరుముతుంది. వాడు దాని మీద కొత్త సిద్ధాంతం లేవదీసి పేపరు కూడా రాసేయొచ్చు. సైన్సుకు మీరు చేసే సేవ అట్లా కూడా ఉంటుంది.

జిల్లా పేరు రాసేటప్పుడు ‘చిత్తూరు’ అని రాసి వదిలేయండి. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా వేరు, 2022 ఏప్రిల్ 4 తర్వాత మిగిలిన చిత్తూరు జిల్లా వేరు. ఆ రోజున మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పాకాల, చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. నెల్లూరులో ఉన్న సూళ్లూరుపేట కూడా వచ్చి తిరుపతిలో చేరింది. 2019 సర్వేనూ 2023 సర్వేనూ పక్కపక్కన పెట్టి, చిత్తూరు జిల్లాలో టమోటా సాగు హఠాత్తుగా పడిపోయిందని తేల్చేయండి. మదనపల్లె మార్కెట్ యార్డు ఎక్కడికీ కదల్లేదు, గీత కదిలిందంతే. మండలాల జాబితా జతచేసి ఈ రహస్యం బయటపెట్టడం మీ పని కాదు.

ఎక్సెల్‌ను పూర్తిగా నమ్మండి. 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరసలకు మించి పట్టవు కాబట్టి. జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేయడం దానికి ఇంకో సరదా. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లలో అయిదో వంతుకు ఈ తెగులు పట్టిందని 2016లో ఒక పరిశీలన చెప్పింది. చివరికి 2020లో పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే దిగొచ్చి కొన్ని జన్యువుల పేర్లు మార్చుకుంది. శాస్త్రం ఎక్సెల్‌కు తలవంచిన చోట మీరొక లెక్కా?

తెలుగులో పనిచేసేవాళ్లకు ఇంకా తేలిక. తాతయ్యగుంట గంగ జాతర పాటలనో, కుప్పం వైపు మూడు రాష్ట్రాల సరిహద్దు యాసనో సేకరించి, పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో టైపు చేయించండి. అచ్చుకు చక్కగా ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పలకడానికి నోరు తిరగని ఇంగ్లిషు గుర్తులు ప్రత్యక్షమవుతాయి. యూనికోడ్‌లో పెడితే ఎవరైనా వెతుక్కోగలరు, అదే దానితో వచ్చే ప్రమాదం. ఇక పాట పాడిన ముసలమ్మ గొంతు రికార్డు చేసిన ఫోను ఎటూ మార్చేసి ఉంటారు.

మన సీమలో చెడ్డ ఉదాహరణలు

వీళ్లను చూసి చెడిపోకండి అని చెప్పడానికి ఇద్దరి సంగతి రాయక తప్పదు.

మొదటివాళ్లు తాళ్లపాక వాళ్లు. అన్నమయ్య కీర్తనలను కొడుకు పెద్దతిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించాడు. తాటాకు ఉండగా రాగి ఎందుకయ్యా, ఎంత దుబారా! పోనీ చెక్కించి ఊరుకున్నారా? రేకుల మొదట్లోనే, ఏ శక సంవత్సరంలో మొదలుపెట్టి ఏ సంవత్సరం ఏ తిథి దాకా పాడారో, పాడింది ఎవరో, ఎవరికి అంకితమో, అవి అధ్యాత్మమో శృంగారమో చెక్కించారు. ప్రతి కీర్తనకూ పైన రాగం పేరు పెట్టారు. తిరుమల గుడిలో ఒక అర కట్టించి అందులో పెట్టారు. వందల ఏళ్లు ఎవరూ పట్టించుకోకపోయినా, 20వ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్లు వాటిని పట్టుకుని చదివితే, ఇది ఎవరిది, ఎప్పటిది అని తడుముకోవాల్సిన పని లేకపోయింది. ఇప్పటి ఫండింగ్ వాళ్లు మెటాడేటా మెటాడేటా అని మన ప్రాణం తీసేది దీని కోసమే.

అయితే వాళ్లూ ఒకచోట మన దారికి వచ్చారు. రాగం పేరు రాశారు గానీ స్వరం రాయలేదు. అందుకే అన్నమయ్య అసలు ఏ వరసలో పాడాడో ఇప్పుడు ఎవరికీ తెలియదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి విద్వాంసులు కూర్చుని మళ్లీ వరసలు కట్టాల్సి వచ్చింది. మనం పొద్దున లేచి వినే పాటల్లో మాట అన్నమయ్యది, బాణీ ఈ కాలం వాళ్లది. ఒక్క కాలమ్ రాయకపోతే ఎంతమందికి పని దొరుకుతుందో గమనించారా? ఇంకో పొరబాటు కూడా చేశారు. మొత్తం 32 వేల కీర్తనలని ఒక లెక్క చెప్పి పెట్టారు. దొరికినవి అందులో సగానికి తక్కువ. లెక్క చెప్పబట్టే కదా ఎన్ని పోయాయో అందరికీ తెలిసిపోతోంది? మీరు మాత్రం ఎన్ని ఫైళ్లున్నాయో జాబితా రాయకండి. జాబితా లేని ఇంట్లో దొంగతనం జరిగినట్టే ఉండదు.

రెండోవాళ్లు మదనపల్లె పక్కన ఆరోగ్యవరం వాళ్లు. 1915లో తెరిచిన క్షయ శానిటోరియం అది. మన దేశంలో బీసీజీ టీకా 1948లో మదనపల్లెలోనే మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్య కుటుంబానికి చెందిన యోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్, ఆయన తోటివాళ్లు 1950 నుంచి చుట్టుపక్కల పల్లెలు తిరిగి జనాన్ని పరీక్షించి, ఒకరు తప్పి ఒకరికి టీకా వేసి, ఏళ్ల తరబడి వాళ్లను మళ్లీ మళ్లీ వెతికి చూశారు. కంప్యూటర్ లేని కాలం. అన్నీ కాగితాలూ కార్డులే. 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఫలితాలు రాశారు, 1973లో మళ్లీ రాశారు.

ఆ 1973 లెక్క ఏమిటంటే: టీకా వేసుకున్న 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది, వేసుకోని 5,808 మందిలో 47 మందికి వచ్చింది. అంతే. నాలుగు అంకెలు. ఎవరిని ఎట్లా ఎంచారో, టీకా ఎవరికి పడిందో, ఎవరికి పడలేదో దాచుకోకుండా రాసిన పాపానికి ఏం జరిగిందో చూడండి. 1990ల్లో అమెరికావాళ్లు ప్రపంచంలోని బీసీజీ పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు మదనపల్లె వరస కూడా అందులోకి ఎక్కింది. ఆ పదమూడు పరీక్షల పట్టికను, స్టాటిస్టిక్స్ చేసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెటా అనాలిసిస్ నేర్పే పాఠానికి పెట్టుకున్నారు. అయిదో వరసలో మదనపల్లె ఉంటుంది, పక్కన అక్షాంశం 13 అని. భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ టీకా ఎందుకు బాగా పనిచేస్తోందో చూడటానికి ఆ కాలమ్ పనికొచ్చింది. కొలిచినవాళ్లకు ఆ ఆలోచన ఉందో లేదో గానీ, ఊరు చెప్పారు కాబట్టి అక్షాంశం దొరికింది. ఏ దేశం పిల్లోడో, మదనపల్లె ఏ మూల ఉందో తెలియనివాడు, ఈ సాయంత్రం కూడా ఆ 33నూ 47నూ టైపు చేయకుండానే తెరుచుకుంటాడు. మోలర్ గారికి పైసా రాలేదు, మన సీమకు ఒక బోర్డు కూడా రాలేదు. ఇంత ధారాళంగా ఇచ్చేస్తే ఇంతే మరి.

ఇచ్చే మాట

డేటా ఎప్పుడు పంచుతారు అన్న ప్రశ్నకు జగమెరిగిన జవాబు ఒకటుంది: ‘సముచితమైన విన్నపం మీద రచయితల నుంచి లభ్యమవుతుంది.’ ఇంతకు మించిన వాక్యం మానవుడు కనిపెట్టలేదు. ఏది సముచితమో తేల్చేది మీరే. 2022లో వచ్చిన ఒక పరిశీలనలో, అడిగితే ఇస్తామని అచ్చులో రాసిన 1,792 పేపర్ల రచయితలకు నిజంగానే ఉత్తరాలు రాసి అడిగారు. 93 శాతం మంది జవాబే ఇవ్వలేదు, లేదా కుదరదన్నారు. ఈ సత్సంప్రదాయాన్ని నిలబెట్టాల్సిన బాధ్యత మన మీద ఉంది. సంప్రదించడానికి ఇచ్చే మెయిల్ ఐడీ స్కాలర్‌ది, అందులోనూ కాలేజీ వాళ్లు ఇచ్చినది ఇవ్వండి. చదువు అయిపోగానే అది మూతబడుతుంది.

ప్రభుత్వ విధానంలో నెగటివ్ లిస్ట్ అని ఒకటుంది. దేశభద్రత లాంటి కారణాలతో బయటపెట్టకూడనివి అందులో వేయొచ్చు. మీ చెరువు నీళ్ల ఉప్పుదనం దేశభద్రతకు ఎట్లా సంబంధమో రెండు లైన్లలో రాసి పడేయండి. శ్రీహరికోట ఎంతో దూరం లేదు కదా.

తప్పక ఇవ్వాల్సి వస్తే పీడీఎఫ్‌గా ఇవ్వండి. పట్టికను ప్రింటు తీసి, ఫ్యాను గాలికి కాగితం కాస్త ఎగిరేటప్పుడు ఫోనుతో ఫోటో తీసి, దాన్ని పీడీఎఫ్ చేసి పంపండి. ఇచ్చారు కదా! ఏ వ్యవధికి ఇచ్చారు, ఎవరు వాడొచ్చు, పేరు ఎట్లా పెట్టాలి అనే లైసెన్సు ముక్క మాత్రం రాయకండి. నిజాయితీపరుడు అనుమతి లేదేమోనని భయపడి ఆగిపోతాడు, మిగిలినవాడు ఎట్లాగూ వాడుకుంటాడు.

గోప్యత

దీన్ని ఎక్కడ వాడాలో తెలిసుండాలి. మట్టి పీహెచ్, బోరు లోతు, గాలి వేగం, ఇవన్నీ పరమ రహస్యం. ‘గోప్యతా కారణాల వల్ల ఇవ్వలేము’ అని రాయండి. మనుషుల వివరాల దగ్గర మాత్రం ఉదారంగా ఉండండి. పేరు తీసేశాం అని ఒక లైను రాసి, ఊరు, కులం, వయసు, వృత్తి, జబ్బు కాలమ్‌లు అట్లాగే ఉంచండి. పుంగనూరు దగ్గర నలభై గడపల పల్లెలో 71 ఏళ్ల మంత్రసాని ఎవరంటే బస్సు దిగిన చోటే చెబుతారు, ఇల్లు కూడా చూపిస్తారు. ఆధార్ నంబర్ల కాలమ్‌ను తుడవక్కర్లేదు, ఎక్సెల్‌లో హైడ్ కొడితే కనబడదు. ఎవరైనా అన్‌హైడ్ కొడితే అది వాళ్ల సంస్కారం. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చిందనీ, పరిశోధనకు అందులో షరతులతో వెసులుబాటు ఉందనీ చెబుతారు. మీరు వెసులుబాటు ఒక్కటీ గుర్తుపెట్టుకుని షరతులు మరిచిపోండి.

కన్సెంట్ ఫారంలో పంపకం మాటే ఎత్తకండి. ఇక్కడే అసలు చమత్కారం ఉంది. మీ వివరాలు పేరు లేకుండా ఇతర పరిశోధకులకు ఇవ్వొచ్చా అని మొదట్లో అడిగుంటే, చాలామంది ‘నలుగురికీ పనికొస్తే మంచిదే కదా నాయనా’ అని వేలిముద్ర వేసుండేవాళ్లు. అడగలేదు కాబట్టి తర్వాత ఎవరైనా వచ్చినప్పుడు, ‘పేషెంట్ల సమ్మతి లేదండీ’ అని కళ్లలో కళ్లు పెట్టి చెప్పొచ్చు. అబద్ధమూ కాదు. ఎథిక్స్ కమిటీ కూడా మీ పక్షమే ఉంటుంది.

ఖర్చు, ముగింపు

డేటా కోసం బడ్జెట్‌లో సున్నా వేయండి. ప్లాన్ అడిగే చాలా సంస్థలు ఆ పనికి డబ్బు కూడా అడగనిస్తాయి, కానీ అడిగితే ఆ పని చేయాల్సి వస్తుంది. ఒక మనిషిని నెలకు నాలుగు రోజులు పెట్టి ఫైళ్లు సర్దించడం, ప్రతి ఫోల్డర్‌లో ఏముందో ఒక పేజీ రాయించడం, స్కాలర్ వెళ్లేటప్పుడు తాళాలతో పాటు డేటా కూడా అప్పగించుకుని సంతకం తీసుకోవడం, ఇవన్నీ చిన్న పనులే. అందుకే వీటికి ఎవరూ మెచ్చి శాలువా కప్పరు. ఆ డబ్బుతో ఛాంబర్‌కు ఏసీ వస్తుంది. బాధ్యులు ఎవరు అన్న గడిలో ‘ప్రాజెక్టు బృందం’ అని రాయండి. అందరి బాధ్యత అన్నాక ఎవరి మెడకూ చుట్టుకోదు.

ప్రాజెక్టు అయిపోయాక యుటిలైజేషన్ సర్టిఫికెట్ 12-ఏ ఫారంలో పంపండి, పైసాతో సహా సరిపోవాలి. అక్కడ ఏడు రూపాయలు తేడా వస్తే మూడు లెటర్లు వస్తాయి. డేటా ఏదీ అని ఒక్క లెటరూ రాకపోవచ్చు. ప్లాన్ అడిగినవాళ్లే దాన్ని మళ్లీ తెరిచి చూడకపోతే మీరు తెరవడం మర్యాద కాదు.

ఇంకొక్క మాట. ఏదో ఒక రోజు ఎక్కడినుంచో ఒక కుర్ర స్కాలర్ మెయిల్ పెడతాడు, మీ అంకెలతో తన అంకెలు పోల్చుకోవాలని. మొదటి మెయిల్‌కు జవాబివ్వకండి. రెండోదానికి, ‘ప్రస్తుతం మేము ఆ డేటాను విశ్లేషిస్తున్నాము’ అని రాయండి, పేపరు వచ్చి తొమ్మిదేళ్లయినా సరే. మూడో మెయిల్ వచ్చిందంటే మాత్రం వాడి గైడ్ ఎవరో కనుక్కోండి. మీ తర్వాతి ప్రపోజల్‌ను చూసే కమిటీలో ఆయన ఉండి ఉంటే, వెంటనే డల్లాస్‌కు ఫోన్ చేసి, తమ్ముడు ఫార్మాట్ కొట్టకముందు ఎక్కడైనా పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టిందేమో ఆ అమ్మాయిని అడగండి.